కరెంటు తీగలు ఉండనివ్వండి

(అమలాపురంలో ఫోటోగ్రాఫర్లు, విద్యార్థుల ముందు తెర మీద ఫోటోలు చూపిస్తూ చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి తెర సరిగ్గా కనిపిస్తోందాండీ? ఆ ట్యూబ్‌లైట్ కూడా ఆపేస్తే ఇంకాస్త బాగుంటుంది. ఆ, చాలు.

ఫోన్లో "కోనసీమ" అని కొట్టి, వచ్చే ఫోటోలు ఒకసారి చూడండి. ఒక కాలవ, కాలవ మీదికి వంగిన కొబ్బరిచెట్టు, పొగమంచు, ఒక పడవ. పడవలో మనిషంటూ ఉంటే తలపాగా చుట్టుకుని, మనకి వీపు పెట్టి నిలబడి ఉంటాడు. మొహం కనపడదు. ఈ హాల్లో ఉన్నవాళ్ళలో పడవేసుకుని వచ్చినవాళ్ళు ఎంతమందండీ? (నవ్వులు) అందరం కాలవగట్టు మీద బండేసుకునే వచ్చాం. దారిలో ట్రాన్స్‌ఫార్మర్లు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, రొయ్యల మేత లారీలు, ధాన్యం బస్తాల ట్రాక్టర్లు అన్నీ చూసుకుంటూనే వచ్చాం. ఆ ఫోటోల్లో ఇవేవీ ఉండవు. తీసేటప్పుడు తప్పించినవి కొన్ని, తీశాక చెరిపేసినవి కొన్ని.

ఇవాళ నేను మాట్లాడేది ఆ తీశాక జరిగే పని గురించి. ఏ ఫోటో ఉంచాలి, ఏది పక్కన పెట్టాలి, ఎక్కడ క్రాప్ చెయ్యాలి, రంగు ఎంత కదపాలి, కింద ఏం రాయాలి, ఏ ఫోటో పక్కన ఏది పెట్టాలి. అన్నిటినీ కలిపి ఎడిటింగ్ అందాం. కెమెరాలు, లెన్సుల గురించి అడగాలనుకున్నవాళ్ళు చివర్లో అడగండి. వాటి గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు.

మొదటి ఫోటో ఇది. రావులపాలెం దాటాక కొత్తపేట వైపు వచ్చేటప్పుడు తీసింది. వానాకాలపు సార్వా ఊడ్పులు అయిపోయి చేలు కుదుట పడిన రోజులు. కుడిపక్క పిల్లకాలవ, దాని మీద సిమెంటు తూము. దూరంగా కొబ్బరితోట గీతలా ఉంది. ఫోటోకి అడ్డంగా, ఈ మూల నుంచి ఆ మూలకి, మూడు కరెంటు తీగలు. వాటి మీద రెండు ఏట్రింతలు. ఇది చూసిన ప్రతివాళ్ళూ చెప్పేది ఒకటే మాట: "తీగలు తీసేస్తే క్యాలెండర్‌కి పనికొచ్చేస్తుందండీ." నిజమే, వచ్చేస్తుంది. ఇప్పుడు ఫోన్లో వేలితో రుద్దితే మాయమైపోతాయి. పిట్టలు మాత్రం గాల్లో కూర్చుని ఉంటాయి, వాటినీ తీసెయ్యాలి.

నేను తీగలు ఉంచాను. ఫోటోలో ఏదీ ముట్టుకోకూడదన్న మడి నాకేం లేదు, ఎన్నిటిని ముట్టుకుంటానో కాసేపట్లో మీరే చూస్తారు. ఇక్కడ కారణం వేరు. ఈ చేలో ఉన్న నీళ్ళు ఎక్కడివో ఆలోచించండి. పక్కనే గోదావరి ఉన్నంత మాత్రాన చేలోకి నీళ్ళు రావు. పక్కనే గోదావరి పారుతుండగానే 1833 ప్రాంతంలో ఈ జిల్లాల జనం కరువుతో అల్లాడారు. 1847లో కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టారు, 1852కి పూర్తయింది. ఇప్పుడున్న బ్యారేజీ ఆ పాత ఆనకట్ట స్థానంలో తర్వాత కట్టింది. దానికి 175 గేట్లు. దాని కింద సాగయ్యేది సుమారు 10 లక్షల ఎకరాలు. అక్కడ కాలవ మొదట్లో ఉన్న హెడ్ రెగ్యులేటర్ గేట్లు ఎత్తితే నీళ్ళు పెద్దకాలవలో పడి, లాకులు దాటి, పిల్లకాలవలోకి దిగి, ఇదిగో ఈ తూములోంచి ఈ చేలోకి వస్తాయి. మధ్యలో కాలవల్ని, తూముల్ని చూసుకునే లస్కర్లు, నీటి సంఘాలు, "మా వంతు రాలేదు" అని రాత్రిపూట గట్ల మీద కాపలా కాసే రైతులు. అక్కడక్కడా మోటార్లు. ఆ మోటార్లకి కరెంటు, ఆ కరెంటుకి తీగలు.

కాబట్టి ఈ పచ్చదనాన్ని "ప్రకృతి ఒడి" అంటే నాకు కొంచెం ఒళ్ళు మండుతుంది. ఇది నూటడెబ్బై ఏళ్ళకి పైగా రోజూ పనిచేస్తున్న వర్క్‌షాపు. తీగలు, తూము, సిమెంటు చెరిపేసి పచ్చదనం ఒక్కటీ ఉంచితే పని చేసినవాళ్ళని చెరిపేసి పని ఫలితాన్ని ఉంచినట్టే. పిట్టలు కూడా తీగలున్నాయి కాబట్టే అక్కడ వాలాయి. కింద చేలో పురుగు కదిలితే దిగి పట్టుకుని మళ్ళీ తీగ మీదికే వస్తాయి.

సరే, ముట్టుకునేవాటి సంగతికి వద్దాం. రంగు.

మన దగ్గర ఆకుపచ్చ ఒకటి కాదని మీకు నేను చెప్పక్కర్లేదు. ఆకుమడి లేత చిలకపచ్చ. నాటిన పది రోజుల చేను పాలిపోయి ఉంటుంది. పొట్టదశలో చేను ముదురు. కొబ్బరిమట్ట ఇంకో రకం, దాంట్లో నీలం ఛాయ ఉంటుంది. అరటాకు మీద వెలుతురు పడితే పసుపు, నీడలో నలుపు. కాలవలో గుర్రపుడెక్క మైనం పూసినట్టు మెరుస్తుంది. డిజిటల్ కెమెరా సెన్సర్ మీద చిన్న చిన్న రంగు గళ్ళ ఫిల్టర్ ఉంటుంది, బేయర్ ఫిల్టర్ అంటారు. కోడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ కనిపెట్టారు, 1976లో పేటెంట్ వచ్చింది. అందులో సగం గళ్ళు ఆకుపచ్చవి, పావు వంతు ఎరుపు, పావు వంతు నీలం. మన కంటికి ఆకుపచ్చ దగ్గరే తేడాలు బాగా తెలుస్తాయి కాబట్టి అలా పెట్టారు. అంటే కెమెరా ఈ తేడాలన్నిటినీ బానే పట్టుకుంటోంది. ఇంటికొచ్చాక మనం ఒక ప్రీసెట్, అంటే ముందే తయారుగా ఉన్న రంగుల సెట్టింగు, కొట్టి అన్నిటినీ ఒకే పచ్చ చేసేస్తున్నాం.

ఈ రెండు ప్రింట్లు చూడండి. ఒకే ఫైలు. ఎడమది రా ఫైలులోంచి, అంటే కెమెరా రంగులు సర్దకముందు దాచిన ఫైలులోంచి, తక్కువ కదిపి చేసింది. కుడిది ఆకుపచ్చ శాచురేషన్, అంటే రంగు చిక్కదనం, బాగా పెంచి, కాస్త నీలం వైపు తిప్పి చేసింది. ఈ రెండూ ఆ చేను పక్క చేను రైతుకి చూపించాను, ఏది బాగుందండీ అని. ఆయన కుడిదాని మీద వేలు పెట్టి, "ఈ చేనెవరిదండీ బాబూ, యూరియా తెగ దంచేశాడు. దోమ పడిపోద్ది" అన్నారు. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు గానీ ఆయన జోకేం వెయ్యలేదు. నత్రజని ఎక్కువైన చేను అలాగే నల్లగా ముదురుతుంది, సుడిదోమ దానికే ఎక్కువ పడుతుంది. నాకు అందంగా కనిపించే రంగు ఆయనకి తెగులు కబురు. అప్పట్నుంచి వరి ఫోటోకి నేను చేసేది ఇంతే: ఆకుపచ్చ శాచురేషన్ కొంచెం తగ్గిస్తాను, పసుపు వెలుగు కొంచెం పెంచుతాను. వరి పసుపు వైపుకి, కొబ్బరి నీలం వైపుకి విడివిడిగా నిలబడితే చాలు.

దూరపు మసకని తీసేసే డీహేజ్ అని ఇంకో మీట ఉంటుంది. లడఖ్ ఫోటోలకి దాన్ని ఎంత లాగినా ఫర్వాలేదేమో. మన దగ్గర గాల్లో ఎప్పుడూ తేమే. వైశాఖంలో మిట్టమధ్యాహ్నం ఆకాశం నీలంగా ఉండదు, కడిగిన గిన్నెలా తెల్లగా ఉంటుంది. ఆ మీట లాగితే దూరపు కొబ్బరిచెట్లు దగ్గరికొచ్చి అంచులు కత్తిరించినట్టు నిలబడతాయి. చెమట పట్టని ఊరు అయిపోతుంది. నేను దాని జోలికి పోను.

ఇక ఎర్రనీళ్ళు. 2022 జులై వరద మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. 1986లో 75 అడుగులు దాటింది, దాని తర్వాత మళ్ళీ అంత పెద్దది ఇదే. ఆ వారంలో తీసిన ఫోటోలు ఇవి. ఇది కెమెరా తనంతట తాను ఆటో వైట్ బ్యాలెన్స్ మీద, అంటే వెలుతురు రంగుని తనే అంచనా వేసి సరిచేసుకుంటూ, చేసినది. నీళ్ళు బూడిద రంగులో ఉన్నాయి చూడండి. ఆ ఆటో అనేది ఫ్రేములో రంగులన్నీ కలిపి సగటున తటస్థంగా ఉండాలనుకుంటుంది. ఫ్రేము నిండా ఎర్రమట్టి నీళ్ళే ఉంటే "ఇదేదో లైటు తేడా" అనుకుని ఎరుపుని కడిగేస్తుంది. గోదావరి మీద వరద ఫోటోలు తీసేవాళ్ళు వైట్ బ్యాలెన్స్ డేలైట్ మీద పెట్టి వదిలెయ్యండి. పక్కది అలా చేసింది. ఇది ఎర్రనీరు. నది మధ్య లంకల్లో ఉన్నవాళ్ళు నీటి రంగు చూసి, నురుగు చూసి, కొట్టుకొచ్చే చెత్త చూసి నీరు ఇంకా పెరుగుతుందో లాగుతుందో చెబుతారు. రంగు పోతే ఆ సమాచారం కూడా పోతుంది.

వరదలో అసలు కష్టం రంగుల దగ్గర లేదు, ఎంపిక దగ్గర ఉంది. పడవ దిగిన చోట సాయం పంచుతున్నారు. బిందెలు, చేతులు, తోపులాట. ఆ ఫోటోలు నా దగ్గర ఉన్నాయి. ఒక పెద్దావిడ అన్నం పొట్లం పట్టుకుని ఏడుస్తున్న ఫోటో కూడా ఉంది. ఫోకస్, వెలుతురు, అన్నీ కుదిరాయి. అది మీకు చూపించను. ఆవిడ ఆ నిమిషానికి ముందూ తర్వాతా ఏం చేశారో నేను చూశాను. ఏటిగట్టు మీదికి గేదెల్ని తోలించారు, కోడళ్ళ చేత బియ్యం డ్రమ్ము అటకెక్కించారు, చంటిపిల్లకి పాలు కాయించారు. రోజంతా పనులు చేయించిన మనిషిని ఆ ఒక్క ఏడుపులో పెట్టి చూపిస్తే చూసేవాళ్ళు అయ్యో అంటారు, అక్కడితో సరి.

ఆవిడది ఇంకో ఫోటో ఉంది, అది చూపిస్తాను. నీరు తీశాక రామాలయం అరుగు దగ్గర తీసింది. స్తంభం మీద మేకుతో గీసిన గీత, పక్కన "86" అని ఉంది. దానికి జానెడు కింద ఇంకా తడి ఆరని బురద మరక. ఆవిడ పాత గీత మీద వేలు పెట్టి నాతో, "ఇదిగో బాబూ, అప్పుడిక్కడికొచ్చింది. ఇప్పుడీపాటే" అంటున్నారు. మొహం సగమే పడింది. స్తంభం, వేలు, రెండు గీతలు. ఎడిటింగ్‌లో చేసిందల్లా బురద మరక గోడ రంగులో కలిసిపోకుండా నీడల్ని కొంచెం ఎత్తడమే. కింద రాసిన మాట: లంక గ్రామం పేరు, 2022 జులై, వరద తీసిన మూడో రోజు, పై గీత 1986 ఆగస్టుది. ఊరి పేరు వేశాను, ఆవిడ పేరు వెయ్యలేదు. ఆవిడే వద్దన్నారు.

నీళ్ళు తాగి వస్తాను, ఒక్క నిమిషం.

ఇప్పుడు మన పండగ. కనుమ రోజు జగ్గన్నతోట. బయట ఊళ్ళవాళ్ళ కోసం చెబుతాను. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే వెదురుతో ఎత్తుగా కట్టి రంగు గుడ్డలు చుట్టినవి, పదకొండు, భుజాల మీద మోసుకుని ఒక కొబ్బరితోటలోకి తెస్తారు. అక్కడ గుడి లేదు, తోటే. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలవ దాటి రావాలి. నీళ్ళలోకి దిగి, ప్రభ తడవకుండా, వంగకుండా దాటిస్తారు. 2023 రిపబ్లిక్ డే పెరేడ్‌లో మన రాష్ట్రం శకటం ఈ ప్రభల తీర్థం మీదే. ఆ తర్వాత కౌశిక గట్టు మీద కెమెరాలు ఇంకా పెరిగాయి. చోటు కోసం పొద్దున్నే తువ్వాళ్ళు వేసి వెళ్ళిపోతున్నారు, పాత రోజుల్లో బస్సు సీటుకి వేసినట్టు.

అందరూ తీసే ఫోటో ఇది. ప్రభ నిండుగా, నీళ్ళలో నీడ, చుట్టూ జనం. నేనూ తీశాను. దీని మీద రంగు పని చెయ్యాల్సింది తగ్గించడమే. ప్రభకి కట్టే గుడ్డల ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ఎలాగూ కళ్ళు చెదిరేలా ఉంటాయి. ఇంకొంచెం పెంచితే గుడ్డ మడతలు పోయి ప్లాస్టిక్ అయిపోతుంది.

నాకు ముఖ్యమైన ఫోటో ఈ రెండోది. ప్రభ గట్టెక్కుతున్న క్షణం. ఫ్రేములో పైన వెదురు దూలాలు, కింద నాలుగు భుజాలు. ఒకాయన భుజం మీద తువ్వాలు నాలుగు మడతలు పెట్టుకున్నాడు, అయినా దూలం కింద చర్మం కమిలిపోయింది. మెడ నరం పైకి తేలింది. కాళ్ళు పిక్కల దాకా బురదలో. నోరు తెరిచి "అశ్శరభ శరభ" అంటున్నాడు. వెనక ఆకాశంలోకి లేచిన ఇరవై ముప్ఫై సెల్‌ఫోన్లు. ఫోన్లు చెరిపెయ్యమని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. ఆ ఫోన్లు పట్టుకున్నవాళ్ళలో హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి పండక్కి వచ్చిన ఈ ఊరి పిల్లలే సగం మంది. ఏడాదికోసారి వచ్చేది దీనికోసమే. వాళ్ళని తీసేస్తే పండగ ఎవరి కోసం జరుగుతున్నట్టు?

ఈ ఫోటో ప్రదర్శనలో పెద్దదిగా పెట్టాలనుకుని ముందు ఆ ఊరి పెద్దాయన ఒకరికి చూపించాను. చాలాసేపు చూశారు. "బానే ఉందండీ, గానీ స్వామి ఏరండీ?" అన్నారు. నాకది ప్రభ మోసే మనుషుల ఫోటో. ఆయనకి ప్రభ అంటే శివుడు. పైభాగం లేకుండా చూపించడం ఆయనకి మింగుడు పడలేదు. నేను వాదించలేదు. భుజాల ఫోటో పెద్దదిగానే పెట్టి, నిండు ప్రభ ఫోటో దాని పక్కనే, కొంచెం ఎత్తుగా వేలాడదీశాను. ఎత్తుగా పెట్టడం ఆయన చెప్పిందే. చూసినవాళ్ళకి ఒకటి చూశాక కళ్ళు రెండోదాని మీదికి వెళ్ళాయి, బరువు ఎక్కడిదో అర్థమైంది. ప్రదర్శనలో బాగా కుదిరిన జత అదే.

దీని తర్వాత ఇంకో ఫోటో ఉంది, తొక్కేసిన వరి చేను. ప్రభలు చేల మీదుగానే వస్తాయి. పైరు నలిగినా రైతులు ఏమీ అనరు, స్వామి తమ చేలోంచి వెళ్ళడం శుభం అంటారు. ఆ ఫోటోకి పెద్దగా ఎవరూ ఆగరు. నాకు ఇష్టం, ఉంచాను.

నరసాపురం వెళ్దాం. సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే గోదావరి దాటించే పెద్ద పడవ, ఎక్కి వెళ్ళాను కాబట్టి పంటు మీద ఫోటోలు కూడా బోలెడున్నాయి, వాటిని దాటేస్తున్నాను. ఇది లేసు అల్లే ఆవిడ. నరసాపురం లేసు 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన పని. ఇక్కడి ఆడవాళ్ళ చేతుల్లోంచి తరాలుగా విదేశాలకి వెళ్తోంది. 2024లో జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అనే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. అల్లేవాళ్ళకీ ఎగుమతి చేసేవాళ్ళకీ మధ్య ఏజెంట్లు ఉంటారు, కూలి ముక్కకింత అని లెక్క. ఆ వివరం ఫోటోలో పడదు, కింద రాయాల్సిందే.

తెల్లదారం ఫోటో తియ్యడం గురించి ఒక్క మాట. కెమెరా మీటరుకి తెలుపు అంటే తెలియదు. ఫ్రేము నిండా తెలుపుంటే వెలుతురు ఎక్కువైందనుకుని ఫోటోని మసకబారుస్తుంది, లేసు బూడిద రంగులోకి వస్తుంది. అలాగని ఎక్స్‌పోజర్ ఎడాపెడా పెంచితే దారానికీ దారానికీ మధ్య తేడా పోయి సున్నం ముద్దవుతుంది. వెలుతురు ఎంత పడిందో చూపించే హిస్టోగ్రామ్ గ్రాఫు చూసుకుంటూ కుడి అంచు తగలకుండా ఒక స్టాపు లోపు పెంచితే చాలు. తర్వాత ఎడిటింగ్‌లో తెలుపుల్ని కొంచెం కిందికి లాగితే ముడులు కనిపిస్తాయి. ఈ ఫోటోలో ఆవిడ కొక్కెం సూది దారంలోకి దూర్చి తిప్పుతున్నారు. చూపుడువేలి పక్కన చర్మం గట్టిపడి చిన్న గాడి పడింది. దాన్ని నునుపు చేసే మీట కూడా సాఫ్ట్‌వేర్‌లో ఉంది లెండి.

ఆవిడవి రెండు ఫ్రేములు మిగిలాయి. ఒకటి ఇది, కిటికీ వెలుతురులో చేతులు, ఒళ్ళో లేసు, వెనకంతా చీకటి. రెండోది గదంతా పడినది. గోడకి క్యాలెండర్, స్టీలు గిన్నెల అర, టీవీ, ఆవిడ, ఆవిడ కూతురు. ఏది వాడాలో ఆవిడనే అడుగుదామని రెండు ప్రింట్లు తీసుకెళ్ళాను. చేతుల ఫోటో ఇలా చూసి పక్కన పెట్టేశారు. రెండోది చేతిలోకి తీసుకుని, "ఇది బాగుందండీ. ఇందులో మా టీవీ గుడ్డ పడింది" అన్నారు. అప్పుడు చూశాను. టీవీ మీద వేసిన తెల్ల గుడ్డ ఆవిడ అల్లిందే. అల్లినవన్నీ ఏజెంటుకి పోగా ఇంట్లో కోసం అల్లుకున్నది అదొక్కటేనట. పత్రికల వాళ్ళకి ఎవరికి చూపించినా చేతుల ఫోటోయే కావాలంటారు, టీవీ అడ్డమంటారు. నేను టీవీ ఉన్నదే ఇస్తున్నాను. కింద ఆ గుడ్డ సంగతి రాసి ఇస్తున్నాను.

ఇప్పుడు గీత ఎక్కడ గియ్యాలన్న ప్రశ్న. దీనికి ప్రపంచమంతా కొట్టుకుంటున్నారు. నేషనల్ జియోగ్రాఫిక్ 1982 ఫిబ్రవరి ముఖచిత్రం కోసం గిజా పిరమిడ్లని దగ్గరికి జరిపింది. అడ్డంగా తీసిన ఫోటో నిలువు అట్టలో ఇమడాలని. ఫోటోషాప్ మార్కెట్లోకి వచ్చింది 1990లో. అంటే ఫోటోషాప్ పుట్టకముందే ఆ పని జరిగింది. 2015లో వరల్డ్ ప్రెస్ ఫోటో అనే అంతర్జాతీయ పత్రికా ఫోటోల పోటీలో చివరి దశకి ముందు వరకూ వచ్చిన ఎంట్రీల్లో ఐదోవంతు ఎడిటింగ్ హద్దు దాటినందుకు తీసేశారు. 2016లో పేరున్న అమెరికన్ ఫోటోగ్రాఫర్ స్టీవ్ మెక్‌కరీ క్యూబా ఫోటో ఒకటి ఇటలీలో ప్రదర్శనకి పెడితే, అందులో ఒక స్తంభం ముక్క తప్పు చోట అతికి ఉండటం ఒకరు కనిపెట్టారు. దాంతో ఆయన పాత ఫోటోలు కూడా జనం తిరగేశారు. తాను పత్రికా ఫోటోగ్రాఫర్‌ని కాదు, దృశ్యాలతో కథలు చెప్పేవాణ్ణి అని ఆయన అన్నారు. ఆ సమాధానం నాకు చాలలేదు. కథ చెబుతున్నానని ముందే చెబితే ఒక లెక్క. చూసేవాళ్ళు నిజమనుకుని చూస్తున్నారని తెలిసీ ఊరుకుంటే అది వేరే లెక్క.

మన దగ్గర ఆకాశం మార్చడం ఎక్కువ. ఇది ఎవరిదో చెప్పను. రాజమండ్రి పుష్కరఘాట్ మెట్ల నుంచి గోదావరి, ఎదురుగా వంతెన, వెనక ఎర్రటి సూర్యబింబం, కింద "సూర్యోదయం" అని. ఎదురుగా ఉన్నది కొవ్వూరు. కొవ్వూరు పడమటి గట్టు. అక్కడ సూర్యుడు అస్తమిస్తాడండీ. గోదావరి మీద సూర్యోదయం కావాలంటే తెల్లారకుండా కొవ్వూరు గోష్పాద క్షేత్రానికి వెళ్ళి నిలబడాలి. ఇంకో గుర్తు కూడా చెబుతాను: సూర్యుడు ఎదురుగా ఉంటే ఘాట్ మీద కూర్చున్నవాళ్ళ నీడలు మనవైపు రావాలి. ఆ ఫోటోలో పక్కకి ఉన్నాయి.

అలాగని రాత్రి ఆకాశం ఎర్రగా ఉన్న ప్రతి ఫోటో దొంగదని అనుకోకండి. ఇది కొబ్బరితోటల వెనక నారింజ రంగు, సమయం రాత్రి పదిన్నర. ఎడిటింగ్ కాదు, గ్యాస్ మంట. ఈ మంటలు చూస్తూ పెరిగినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉంటారు. 1995లో పాసర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ 65 రోజులు మండినప్పుడు రాత్రిళ్ళు దీపం లేకుండా పేపరు చదివామని చెప్పేవాళ్ళున్నారు. ఇలాంటి ఫోటో మీద క్యాప్షన్ లేకపోతే సూర్యాస్తమయం అనుకుని లైక్ కొట్టి వెళ్ళిపోతారు.

కోరింగ గురించి క్లుప్తంగా. మడ అడవిలో గూళ్ళు, బావురుపిల్లి అడుగులు, తీరంలో తాబేళ్ళు గుడ్లు పెట్టిన చోటు, ఇవి తీస్తే ఫైలులోంచి జీపీఎస్ వివరం తీసేసి అప్పుడు పంపండి. ఫోటో ఎంత బాగున్నా సరే. "ఎక్కడండీ ఇది" అని అడిగినవాళ్ళకి కూడా చెప్పకండి.

చివరిగా వరస. ఒక్కో ఫోటో బాగుండటం వేరు, ఇరవై ముప్ఫై ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి నడవడం వేరు. డెల్టా మీద చేసే వరస ఎవరైనా ధవళేశ్వరంతో మొదలుపెడతారు, నది రెండు పాయలవుతుంది, గౌతమి, వశిష్ఠ, తర్వాత వశిష్ఠలోంచి వైనతేయ, అలా కిందికి వచ్చి అంతర్వేది దగ్గర సముద్రంలో కలిపేస్తారు. చక్కగా ఉంటుంది, నది ప్రయాణం అంటారు. నేను ఇంట్లో చిన్న ప్రింట్లు నేల మీద పరుచుకుని చాలా రోజులు అటూ ఇటూ మార్చి, చివరికి తిరగేశాను. సముద్రం దగ్గర మొదలై బ్యారేజీ దగ్గర ఆగుతుంది.

ఎందుకంటే కింద నుంచి చూస్తే నీటి విలువ తెలుస్తుంది. మొదటి ఫోటో వేసవిలో ఓడలరేవు వైపు తీసింది. సముద్రపు పోటుకి ఉప్పునీరు పాయలోకి ఎగదన్నుతుంది, బోరు నీళ్ళు నోట్లో పెట్టుకోలేరు, తాగునీళ్ళ బిందెలు సైకిలు మీద. తర్వాత శివారు భూములు. పెద్దకాలవ చివర ఉన్న రైతుకి నీరు ఆఖర్న వస్తుంది, ముంపు మాత్రం ముందు వస్తుంది, మురుగుకాలవ తీయక. 2011లో ఇక్కడి రైతులు పంట విరామం అని చేలు బీడు పెట్టి వదిలేశారు. ఆ తర్వాత రొయ్యల చెరువులు. 2009లో వెనామీ రొయ్యకి అనుమతి వచ్చాక చెరువులు ఎంత పెరిగాయో మీకు తెలుసు. ఇదిగో తెల్లవారుజామున నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్న చెరువు. నురుగు మీద గులాబీ రంగు వెలుతురు, నీలం నీడలు. చాలా అందమైన ఫోటో అండి, నేనే అంటున్నాను. అందుకే దీన్ని ఒంటరిగా వదల్లేదు. పక్కన అదే గట్టుకి అవతలి చేను ఫోటో ఉంది, ఉప్పు ఊట దిగి అంచున వరి ఎర్రబడి ఎండిపోయినది. రెండూ ఒకే పొద్దున, గట్టు మీద నిలబడి ఇటు తిరిగి ఒకటి, అటు తిరిగి ఒకటి. చెరువు వేసినాయన, చేను ఉన్నాయన వరసకి బావామరుదులు. ఇద్దరూ నాకు టీ ఇచ్చారు.

అలా పైకి వెళ్తూ వెళ్తూ అంబాజీపేట కొబ్బరి రాశులు, లాకులు, కడియం నర్సరీలు, చివర ధవళేశ్వరం. మీరు పచ్చగా నిండుగా ఉన్న కాలవ చూసేసరికి వరసలో సగం దాటిపోతుంది. అప్పటికి అది ఉట్టి అందంగా కనిపించదు, దాని కోసం కింద ఎవరు ఎదురు చూస్తున్నారో చూసేశారు కాబట్టి.

నా ఫోటోలు ఇంతే. ప్రశ్నలు ఉంటే అడగండి.

(సభలోంచి: "సార్, మేం ప్రీ వెడ్డింగ్ షూట్లు చేస్తాం. కాలవ దగ్గర తీస్తే తీగలు తీసెయ్యమని పెళ్ళికొడుకు వాళ్ళే అడుగుతారు. వాళ్ళకేం చెప్పమంటారు?")

తీసెయ్యండి బాబూ! (నవ్వులు) నేనైనా తీసేస్తాను. అది వాళ్ళ ఫోటో, వాళ్ళు డబ్బులిచ్చి చేయించుకుంటున్న ముచ్చట. అందులో ఉన్నది కోనసీమ కాదు, వాళ్ళిద్దరూ. ఊరి పేరు పెట్టి ఊరి ఫోటో అని చూపించినప్పుడే నా గొడవంతా. కాకపోతే ఒకటి, తీగలు తీసేటప్పుడు నీళ్ళలో వాటి నీడ కూడా తియ్యండి. చాలామంది మర్చిపోతున్నారు. ఇంకెవరండీ, ఆ వెనక చెయ్యెత్తినమ్మాయి, చెప్పమ్మా.